పన్నెండూ ఇరవైకి తెరుచుకున్న తలుపు

ఉదయం తొమ్మిదీ పదికి లాండ్రీ షట్టరు సగం వరకే లేచి ఉంది. గడియారం నడుం వంచి లోపలికి దూరింది.

ఆ పేరు ఆవిడకి పోలీసు డిపార్టుమెంటులో పడింది. నేరం ఏదైనా, సాక్షి ఎవరైనా, ఆవిడ మొదటి ప్రశ్న "ఎన్ని గంటలకు?" అనే. రాజీనామా ఇచ్చి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకుని ఆరేళ్లయింది. యూనిఫారం వదిలింది కానీ పేరు వదల్లేదు.

ఆగి ఉన్న రెండు వాషింగ్ మిషన్ల మధ్య స్టూలు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై ఏడేళ్లు. సబ్బుల కంపెనీ పరిశోధనశాలలో టెక్నీషియన్. మంగళవారం మధ్యాహ్నం ఆ పరిశోధనశాల చలిగదిలో ప్రొఫెసర్ శవమై దొరికాడు. ఇవాళ గురువారం. పొద్దుగూకేలోగా ఈ అమ్మాయిని హంతకురాలని తీసుకుపోతారని వీధి చివర బడ్డీకొట్టతనికి కూడా తెలిసిపోయింది.

గడియారాన్ని పిలిపించింది ఆ అమ్మాయి తల్లి. లాండ్రీ ఆవిడదే. ముప్పై ఏళ్లుగా ఆ వీధిలో అందరికీ ఆవిడ పెద్దమ్మ. ఎవరొచ్చినా ఇస్త్రీపెట్టె ఆపదు, మాట కూడా ఆపదు.

"చెప్పాల్సిందంతా ఇన్‌స్పెక్టరుకి చెప్పాను మేడమ్," అంది టెక్నీషియన్.

"ఆయన తనకి కావలసింది రాసుకుంటాడు. నాకు కావలసింది నాకు చెప్పు. మంగళవారం ఒంటిగంటా అయిదుకి ఎక్కడున్నావు?"

"ఇక్కడే. మిషను బెల్టు తెగిందని అమ్మ ఫోన్ చేస్తే పన్నెండింటికి వచ్చాను. రెండున్నరకి తిరిగి వెళ్లాను. అమ్మ తప్ప ఎవరూ చూడలేదు. తల్లి సాక్ష్యం చెల్లదన్నారు."

"చెల్లదన్నవాణ్ణి నా ముందుకి రమ్మను," అంది పెద్దమ్మ కాలరు మడతపెడుతూ. "కన్నదాన్నే కానీ కళ్లు లేనిదాన్ని కాదు."

"కానీ చలిగది తలుపు ఒంటిగంటా అయిదుకి నీ కార్డుతో తెరుచుకుందని కంపెనీ రికార్డు చెబుతోంది," అంది గడియారం.

"నా కార్డు నా మెళ్లోనే ఉంది."

"సరే, అది నేను చూసుకుంటాను. ప్రొఫెసరుతో నీ గొడవేమిటి? మొదటినుంచీ చెప్పు."

టెక్నీషియన్ లేచి వెనక తలుపు తీసింది. బయట ఇరుకు సందు. గుమ్మానికి రెండడుగుల దూరంలో నేలకి ఒక ఇనుప మూత. మూడు షాపుల నీళ్లూ దాని కిందుగానే పోతాయి.

"మా నాన్న వేడినీళ్ల మిషను కొనలేకపోయారు. ముప్పై ఏళ్లూ చన్నీళ్లే. జిడ్డంతా ఈ కాలువలోకి పోయేది. పక్క వీధుల్లో కాలువలు నెలకోసారి పూడుకుపోయేవి. ఇది మాత్రం ఒక్కసారి కూడా పూడలేదు. చిన్నప్పుడు నాకది వింతగా ఉండేది. చదువుకున్నాక అర్థమైంది, ఇందులో ఏదో ప్రాణి ఉంది, చల్లటి నీళ్లలోనే జిడ్డు తినేస్తోంది అని. రెండేళ్ల కిందట ఒక సీసాలో పట్టుకెళ్లి లాబ్‌లో పెంచాను. అదే సూక్ష్మజీవి. దాన్నుంచే కంపెనీ కొత్త బిళ్ల తయారు చేసింది. బట్టల్లో వేస్తే వేడినీళ్లు అక్కర్లేదు."

"మరి పేటెంటు?"

"మూడు వేశారు. సూక్ష్మజీవి మీద ఒకటి. బిళ్ల మీద ఒకటి. ఆ సూక్ష్మజీవిని డిజైను చేసిందట ఒక సాఫ్ట్‌వేరు, దాని మీద ఇంకొకటి. మూడింట్లోనూ నా పేరు లేదు. కనిపెట్టింది సాఫ్ట్‌వేరట, నడిపింది సాఫ్ట్‌వేర్ హెడ్ అట. నేను సీసాలు కడిగానట."

"ఈ కాలువలో అదే జీవి దొరికితే?"

"సాఫ్ట్‌వేరు ఏమీ డిజైను చెయ్యలేదని తేలిపోతుంది. మూడూ కూలిపోతాయి. అందుకే పేటెంటు ఆఫీసులో అభ్యంతరం వేస్తానని సోమవారం ప్రొఫెసర్ గారికి చెప్పాను. అది ఎక్కడ దొరికిందో కూడా అప్పుడే మొదటిసారి చెప్పాను."

"రెండేళ్లు ఎందుకు దాచావు?"

టెక్నీషియన్ మూత వైపు చూసింది. "మురికికాలువ అంటే నవ్వుతారని. ఆ లాబ్‌లో అందరి నాన్నలూ డాక్టర్లు, ఇంజనీర్లు."

లోపల ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"సోమవారం ఎన్ని గంటలకు చెప్పావు?"

"పదకొండున్నరకి. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు, అంతే. నాకు కోపం ఆగలేదు. 'నన్ను బతికుండగానే చంపేశారు సార్' అని అరిచాను. కారిడారంతా విన్నారు."

"పోలీసులు దాన్ని 'చంపేస్తాను సార్' అని రాసుకున్నారు," అంది గడియారం. "నువ్వు పెంచిన జీవి లాబ్‌లో ఇంకా ఉందా?"

"నా చేతిరాత ఉన్న ట్యూబులన్నీ బుధవారం పొద్దున చెత్తలో దొరికాయి, కరిగిపోయి. కంపెనీ నంబర్లు వేసినవి భద్రంగా ఉన్నాయి." ఆ అమ్మాయి కళ్లు తడవలేదు. "మైక్రోస్కోపులో చూడటం నాకు నేర్పింది ఆయనే మేడమ్. ఆయన కోసం ఏడవడానికి కూడా టైమివ్వలేదు వీళ్లు."

"ఏడుపు ఎక్కడికీ పోదు, తర్వాత ఏడుద్దువుగాని," అంది గడియారం చేతి గడియారం చూసుకుంటూ. "ఈ మూతని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. నాకు పదకొండింటికి చలిగదిలో పనుంది."

*

చలిగది చూడటానికి మేజిస్ట్రేటు ఇచ్చిన అనుమతి సరిగ్గా ఒక గంట. పదకొండు నుంచి పన్నెండు. కంపెనీ మూడో అంతస్తులో మెట్ల దగ్గరే విజిలెన్స్ ఆఫీసర్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు డిపార్టుమెంటులో గడియారం కింద పని నేర్చుకున్నవాడు. నాలుగేళ్లు ఆవిడ జీపులో వెనక సీట్లో కూర్చున్నాడు. ఇప్పుడు కంపెనీ వాళ్ల కారులో కూర్చుంటున్నాడు.

"నీకు గంటే ఉంది అక్కా," అన్నాడు.

"గంటంటే అరవై నిమిషాలు. నువ్వు మాట్లాడినవి అందులోంచి తీసేసి లెక్క వేస్తాను."

చలిగది పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. స్టీలు తలుపు. లోపల రెండు వైపులా అరలు, అరల నిండా సీసాలు. నేల మీద మూడు ఖాళీ ప్లాస్టిక్ తొట్లు. మంగళవారం వాటిలో ఇరవై కిలోల డ్రై ఐస్ ఉంది. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు, కరిగి నీరు కాదు, సరాసరి గాలిలో కలిసిపోతుంది. ఆ వాయువు బరువైనది. మూసిన గదిలో నేల నుంచి పైకి నిండుకుంటూ వస్తుంది. అది ముక్కు దాకా వస్తే మనిషి అయిదారు నిమిషాల్లో స్పృహ తప్పుతాడు, లేవకపోతే ఇక లేవడు.

గడియారం తలుపు లోపలి వైపుకి తిరిగింది. చేత్తో గట్టిగా నొక్కితే తలుపు తెరుచుకునే పెద్ద గుండీ ఒకటి ఉంది. ఎవరైనా లోపల ఇరుక్కుపోతే బయటపడటానికి పెట్టింది. ఆవిడ నొక్కింది. తలుపు తెరుచుకుంది.

"ప్రొఫెసర్ ఇది ఎందుకు నొక్కలేదు?"

"నొక్కేలోపే పడిపోయి ఉంటాడు," అన్నాడు విజిలెన్స్ ఆఫీసర్.

ఆవిడ జేబులోంచి చిన్న టార్చి తీసి గుండీ మీద వేసింది. తలుపుకి ఉన్న స్క్రూలన్నీ చెమ్మకి తెల్లగా పొరకట్టి ఉన్నాయి. గుండీకి ఉన్న రెండు మాత్రం తళతళలాడుతున్నాయి. వాటి తలల మీద కొత్త గీతలు.

"ఈ గుండీ ఎప్పుడు మార్చారు?"

తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ స్టోర్‌కీపర్ అడిగిందానికి జవాబిచ్చాడు. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి. "మార్చలేదమ్మా. గది కట్టినప్పటిదే."

"పోలీసులు, డాక్టర్లు పదిమంది తిరిగారు అక్కా. ఎవరి చెయ్యో తగిలుంటుంది."

"చెయ్యి తగిలితే మరక పడుతుంది. స్క్రూ మెరవదు." ఆవిడ స్టోర్‌కీపర్ వైపు తిరిగింది. "మీరు ఈ తలుపు ఎన్ని గంటలకు తీశారు?"

"రెండు గంటలకు. కొత్త సీసాలు సర్దడానికి. ప్రొఫెసర్ గారు గుమ్మం దగ్గరే పడున్నారు. అరచెయ్యి తలుపుకి ఆనించి ఉంది. నేను కేక పెట్టాను. ముందు విజిలెన్స్ సారు పరిగెత్తుకొచ్చారు. డాక్టర్ని పిలుచుకురమ్మని నన్ను కిందికి పంపారు."

"ఎంతసేపట్లో వచ్చారు?"

"మూడంతస్తులు దిగి ఎక్కాలి కదమ్మా. పది నిమిషాలు పట్టింది."

"శవాన్ని వదిలేసి నేను వెళ్లాలా ఏంటి?" అన్నాడు విజిలెన్స్ ఆఫీసర్.

"వద్దులే. ఎవరో ఒకరు ఉండాలిగా." ఆవిడ పుస్తకంలో 'రెండు, రెండూ పది' అని రాసుకుంది. "డ్రై ఐస్ ఎవరు తీసుకెళ్లారు?"

"ఎవరూ రాలేదమ్మా. పదకొండూ యాభైకి తెర మీద చీటీ వచ్చింది, ఇరవై కిలోలు చలిగది ముందు పెట్టమని. ఆ అమ్మాయి పేరుతోనే వచ్చింది. పెట్టేసి నేను భోజనానికి వెళ్లాను."

అప్పుడే కారిడార్లో చెప్పుల చప్పుడయింది. సాఫ్ట్‌వేర్ హెడ్ వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో టాబ్లెట్, ముఖంలో నిబ్బరం. పేటెంటు కాగితాల మీద మొదటి పేరు ఇతనిదే. అడక్కుండానే తెర చూపించాడు.

"చూడండి మేడమ్. మంగళవారం తలుపు మూడుసార్లే తెరుచుకుంది. తొమ్మిదింపావుకి స్టోర్‌కీపర్ కార్డు. ఒంటిగంటా అయిదుకి ఆమె కార్డు. రెండింటికి మళ్లీ స్టోర్‌కీపర్ కార్డు. గది ఉష్ణోగ్రత కూడా సరిగ్గా ఆ మూడు సమయాల్లోనే పెరిగింది. తలుపు తీస్తే బయటి వేడి లోపలికి వస్తుంది కదా."

"ప్రొఫెసర్ కార్డు ఏదీ?"

"ఆమె తీసిన తలుపులోంచి ఆమెతోపాటు వెళ్లి ఉంటారు."

"ఈ రికార్డు ఎవరైనా మార్చగలరా?"

అతను నవ్వాడు. ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టున్నాడు. "సూక్ష్మజీవిని డిజైను చేసేదీ, ఈ తలుపుల లెక్క రాసేదీ ఒకే సాఫ్ట్‌వేరు. దాని ప్రత్యేకతే అది. ప్రతి పేజీ మీదా దాని ముందు పేజీ ముద్ర ఉంటుంది. ఒక్క అక్షరం కదిపినా గొలుసంతా తెగుతుంది. నేను కూడా మార్చలేను. ఆ మాట పేటెంటులోనే రాశాం."

"రాసి సంతకం పెట్టారా?"

"పెట్టాను."

"మంచిది." గడియారం అతన్ని దాటి తలుపు పక్క గోడ దగ్గరికి వెళ్లింది. అక్కడ అద్దం మూతతో ఒక పాత ఇనుప పెట్టె బిగించి ఉంది. లోపల పళ్లెమంత గుండ్రటి కాగితం నెమ్మదిగా తిరుగుతోంది. సన్నటి పెన్ను దాని మీద ఊదారంగు గీత గీస్తోంది. "ఇదేంటి?"

"పాత సామాను మేడమ్," అన్నాడు సాఫ్ట్‌వేర్ హెడ్. "సాఫ్ట్‌వేరు వచ్చాక దాంతో పనిలేదు. ప్రొఫెసర్ గారి మొండితనం వల్ల ఉండిపోయింది. తీసేస్తానంటే ఒప్పుకునేవారు కాదు."

"రోజూ తొమ్మిదింటికి కాగితం మార్చమనేవారమ్మా," అన్నాడు స్టోర్‌కీపర్. "ఇరవైనాలుగు గంటలకి ఒక కాగితం. గది వేడెక్కితే పెన్ను పైకి లేస్తుంది."

"మంగళవారంది ఏం చేశారు?"

"బుధవారం పొద్దున తీసి ఫైల్లో పెట్టాను. అలవాటు కదా."

"ఎవరైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదమ్మా."

వెంటనే విజిలెన్స్ ఆఫీసర్ "అక్కర్లేని చెత్త, నేను చూసి పంపిస్తాను" అన్నాడు. అతను ఆ మాట అనేసరికే స్టోర్‌కీపర్ పక్కగదిలోకి వెళ్లాడు, ఫైలుతో తిరిగొచ్చాడు.

గడియారం ముందు ఒక పని చేసింది. చలిగది తలుపు తెరిచి అరవై లెక్కపెట్టింది. గోడ మీద పెన్ను కొండశిఖరంలా పైకి లేచి దిగింది. తలుపు మూసింది. గీత సర్దుకుంది. ఇప్పుడు మంగళవారం కాగితాన్ని వెలుగులోకి పట్టుకుంది.

తొమ్మిదింపావు దగ్గర ఒక శిఖరం. రెండు గంటల దగ్గర ఒక శిఖరం. పన్నెండూ ఇరవై దగ్గర ఇంకొకటి, మూడింట్లోనూ అదే ఎత్తయినది. ఒంటిగంటా అయిదు దగ్గర గీత నిద్రపోతున్న పసిపిల్ల నుదురంత నున్నగా ఉంది.

"ఒంటిగంటా అయిదుకి ఈ తలుపు ఎవరూ తియ్యలేదు," అంది గడియారం. "పన్నెండూ ఇరవైకి తీశారు. చాలాసేపు తెరిచి ఉంచారు, మూడు తొట్లు లోపలికి చేర్చేంతసేపు. ఆ తర్వాత రెండింటిదాకా మళ్లీ తియ్యలేదు."

"ఆ యంత్రం టైము తప్పయి ఉండచ్చుగా," అన్నాడు విజిలెన్స్ ఆఫీసర్.

"తప్పయితే అన్నీ తప్పవ్వాలి. తొమ్మిదింపావు సాఫ్ట్‌వేరుతో సరిపోయింది. రెండు గంటలు సాఫ్ట్‌వేరుతోనూ సరిపోయింది, ఈయన కేకతోనూ సరిపోయింది. మధ్యలో ఒక్కటే సరిపోలేదు. దొంగ ఎప్పుడూ మధ్యలోనే దూరతాడు. పన్నెండూ ఇరవైకి తనెక్కడున్నాడో చెప్పుకోలేనివాడు ఆ టైముని ముందుకి జరిపాడు." ఆవిడ సాఫ్ట్‌వేర్ హెడ్ ముందుకి వచ్చింది. "ఈ పెన్నుకి జీతం లేదు, ప్రమోషను లేదు, పేటెంటు లేదు. అబద్ధమాడి ఇది బాగుపడేదేమీ లేదు. కాబట్టి మార్చింది మీ రికార్డునే. ఎవరూ మార్చలేరని మీరు సంతకం పెట్టారు. ఇప్పుడు మీకు రెండే దారులు. మార్చవచ్చు అంటే ఆ అమ్మాయి నిర్దోషి, మీ పేటెంటు అబద్ధం. మార్చలేం అంటే ఈ కాగితం పట్టుకుని కోర్టులో మీ సాఫ్ట్‌వేరుని అందరి ముందూ పరీక్షకి పెడతాను. ఏది కావాలి?"

అతని నిబ్బరం ముఖంలోంచి కారిపోయింది. "నేను... మా లాయరుతో మాట్లాడాలి."

"మంగళవారం పన్నెండూ ఇరవైకి ఎక్కడున్నారు?"

"మీటింగులో. పదకొండున్నర నుంచి రెండింటిదాకా, ఎనిమిది మంది ముందు. కావాలంటే అడగండి." ఈ జవాబు మాత్రం తడబడకుండా వచ్చింది. అది నిజంలాగే ఉంది. "రికార్డు సంగతి నాకు తరవాత చెప్పారు. నాకు తెలీదు, నేనేం..." విజిలెన్స్ ఆఫీసర్ చూసిన చూపుకి అతను మాట మింగేశాడు. టాబ్లెట్ చంకలో పెట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

విజిలెన్స్ ఆఫీసర్ స్టోర్‌కీపర్ని కూడా పంపించేశాడు. చెయ్యి చాచాడు.

"కాగితం ఇటివ్వు. అది కంపెనీ ఆస్తి."

"వెనక చూడు. స్టోర్‌కీపర్ సంతకం, తేదీ, టైము. నువ్వు అతన్ని పంపించేలోపే పెట్టించాను. ఫొటో ఇన్‌స్పెక్టరుకీ మేజిస్ట్రేటు ఆఫీసుకీ వెళ్లిపోయింది. ఇక దీన్ని నువ్వు నమిలి మింగినా లాభం లేదు."

అతను చెయ్యి దించాడు. గొంతు కూడా తగ్గించాడు. "అక్కా, నీతో నాకు పంతం దేనికి? ప్రమాదం అని రాయిస్తాను. ముసలాయన డ్రై ఐస్ పెట్టించుకున్నాడు, జాగ్రత్త పడలేదు, పోయాడు. ఆ అమ్మాయి మీద కేసే ఉండదు. తన అభ్యంతరం వెనక్కి తీసుకుంటే చాలు. ఇంటికెళ్లి హాయిగా బతకమను."

"హత్య ప్రమాదమైపోవాలి. ఆ పిల్ల కనిపెట్టింది కనిపెట్టనిదైపోవాలి. రెండు శవాల్ని ఒకే గుంటలో పూడ్చే బేరమన్నమాట."

"ఆరేళ్ల కిందట కూడా ఇలాగే మొండికేశావు. ఏం మిగిలింది? ఉద్యోగం పోగొట్టుకున్నావు."

"పోగొట్టుకోలేదు. బల్ల మీద పెట్టి వచ్చాను. నువ్వు తీసుకున్నావు."

అతను సమాధానం చెప్పబోయాడు. గడియారం ఫోను మోగింది. పదకొండూ యాభై రెండు.

"ఎవరో ట్యాంకరు వేసుకొచ్చారు," అంది పెద్దమ్మ గొంతు. వెనక ఇంజను రొద. "కాలువలో మందు పోసి కడుగుతారట. పురుగు కూడా మిగలదట. నేను మూత మీద కూర్చున్నాను."

"లేవకండి పెద్దమ్మా."

"లేచే ఉద్దేశముంటే నీకెందుకు ఫోన్ చేస్తాను?"

*

వెనక సందులోకి ట్యాంకరు ముక్కు మాత్రమే పట్టింది. పైపు నేల మీద పాములా చుట్టుకుని ఉంది. పక్కన నాలుగు నీలం డ్రమ్ములు, కళ్లు మండించే వాసన. ఇనుప మూత మీద పెద్దమ్మ మఠం వేసుకుని కూర్చుని, ఎవరిదో కోటుకి ఊడిన గుండీ కుడుతోంది. ముందు నిలబడ్డ సూపర్‌వైజరు చెమట తుడుచుకుంటున్నాడు. ఇద్దరు పనివాళ్లు గోడకి ఆనుకుని ఈ తమాషా ఎప్పుడు తేలుతుందా అని చూస్తున్నారు.

"మేడమ్, మీరైనా చెప్పండి," అన్నాడు సూపర్‌వైజరు గడియారాన్ని చూడగానే. "ఆర్డరుంది. పని కాకపోతే మాట పడేది నేను. ఈవిడ లేవరు."

"నా కూతురి కష్టం దీని కింద ఉంది," అంది పెద్దమ్మ దారం కొరుకుతూ. "పొయ్యాలంటే నా నెత్తిన పొయ్యి."

"ఆర్డరు ఎవరు ఇచ్చారు? ఎన్ని గంటలకు?" అడిగింది గడియారం.

అతను ఫోనులో చూశాడు. "సోమవారం సాయంత్రం అయిదూ నలభైకి. ఈ పేరు మీద."

గుమ్మంలో నిలబడ్డ టెక్నీషియన్ వంగి ఆ పేరు చదివింది. చదివి, గుమ్మంలోనే కూలబడింది. అది ప్రొఫెసర్ పేరు.

"ఆయనొక్కరికే చెప్పాను," అంది. "పదకొండున్నరకి చెప్పాను. సాయంత్రానికి..."

పొద్దుటినుంచీ ఆ అమ్మాయి ముఖంలో ఒక్క మనిషి మీద మాత్రం నమ్మకం మిగిలి ఉంది. ఇప్పుడు అదీ పోయింది. పెద్దమ్మ సూది ఆపి కూతురి వైపు చూసింది. లేవాలనిపించింది ఆవిడకి. లేవలేదు.

"కానీ మేడమ్, ఆయనే మళ్లీ వద్దన్నారు," అన్నాడు సూపర్‌వైజరు ఇబ్బందిగా. "మంగళవారం పన్నెండూ పదికి ఫోను చేసి రద్దు చేశారు."

"మరి ఎందుకొచ్చారు?"

"ఒంటిగంటా పదిహేనుకి అదే నంబరు నుంచి ఇంకో ఫోను వచ్చింది. రద్దు చెయ్యొద్దు, గురువారం మధ్యాహ్నం తప్పకుండా వెళ్లండి అని."

టెక్నీషియన్ తలెత్తింది. "ఒంటిగంటా పదిహేనుకి ఆయన..."

"ఆయన లోపలున్నాడు," అంది గడియారం. "పన్నెండూ ఇరవైకి మూసిన తలుపు రెండింటిదాకా తెరుచుకోలేదు. శవం దగ్గర ఫోను దొరకలేదని పోలీసుల కాగితంలో ఉంది. తలుపు వెయ్యకముందే ఎవరో లాక్కున్నారు. ఆ ఫోనుతోనే మీతో మాట్లాడారు. గొంతు ఎవరిది?"

"నాకు తెలీదు మేడమ్. కానీ మా ఆఫీసుకొచ్చే ఫోన్లన్నీ రికార్డవుతాయి."

"తెప్పించండి. ముందు నాకు పంపించండి, తర్వాత విందాం."

పావుగంట పట్టింది. ఆఫీసు అమ్మాయి ముందు కుదరదంది, తర్వాత మేనేజరుని అడగాలంది, 'హత్య కేసు' అన్న మాట చెవిన పడ్డాక రెండూ ఒక్కసారే పంపింది. గడియారం వాటిని ఇన్‌స్పెక్టరుకి, తన లాయరుకి పంపి, అప్పుడు ఫోను లాండ్రీ కౌంటరు మీద పెట్టి మొదటిది నొక్కింది.

చనిపోయిన మనిషి గొంతు గదిలోకి వచ్చింది. ఆయాసపడుతూ, తొందరపడుతూ.

"సోమవారం నేనొక ఆర్డరిచ్చాను, ఆ లాండ్రీ వెనక కాలువ. అది రద్దు. ఎవరు చెప్పినా ముట్టుకోవద్దు. రాసుకున్నారా? ఎవరు చెప్పినా. అది... అది మా అమ్మాయి కనిపెట్టినది. వాళ్లు చెప్పమన్నట్టు చెప్పాను, తప్పు చేశాను. వాళ్లకి పొద్దున ఒక మాట అన్నాను, చలిగది దగ్గరికి రమ్మన్నారు. ఇప్పుడే వెళ్లి తేల్చి చెప్పేస్తాను."

రికార్డింగు ఆగింది. పెద్దమ్మ కూడా విన్నది, వెనక తలుపు బార్లా తెరిచే ఉంది. టెక్నీషియన్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ అమ్మాయి ఏడుపు అప్పుడు వచ్చింది, మూడు రోజులుగా దాచుకున్నదంతా. గడియారం ఆపమనలేదు. పన్నెండూ పదికి ఆ మనిషి నిజం వైపు తిరిగాడు. పది నిమిషాల్లో తలుపు మూసేశారు. భయపడి ఒక రాత్రి తప్పు చేసినవాడు, భయం వదిలాక పది నిమిషాలు బతికాడు.

"రెండోది," అంది టెక్నీషియన్ కాసేపటికి. ముఖం తుడుచుకుంది. "రెండోది పెట్టండి మేడమ్. వింటాను."

గడియారం నొక్కింది.

"నమస్కారమండీ. ప్రొఫెసర్ గారి తరఫున మాట్లాడుతున్నాను. ఆయన మీటింగులో ఉన్నారు. ఇందాక పొరపాటున రద్దు చేశారట. గురువారం మధ్యాహ్నం వెళ్లండి. మందు కాస్త ఎక్కువే పొయ్యండి, అడుగుదాకా దిగాలి. ఒకావిడ అడ్డొస్తుంది, పట్టించుకోకండి."

తొణకని గొంతు. మర్యాదైన గొంతు. ఎదుటివాడు నమ్మాలంటే ఎక్కడ ఆగాలో, ఎక్కడ నెమ్మదించాలో బాగా తెలిసిన గొంతు. సాక్షితో అలా మాట్లాడటం ఎలాగో ఆ గొంతుకి నేర్పింది గడియారమే. నాలుగేళ్లపాటు, జీపులో, వెనక సీటు వైపు తిరిగి.

పది నిమిషాలు ఒంటరిగా శవం దగ్గర. ఒక స్క్రూడ్రైవరు. పనిచెయ్యకుండా చేసిన గుండీని మళ్లీ బిగించడానికి రెండు స్క్రూలు.

"ఎవరు మేడమ్?" అడిగింది టెక్నీషియన్.

జవాబు చెప్పేలోపు వీధిలో జీపు ఆగింది. దాని తలుపులు రెండు దబ్బుమని మూసుకున్నాయి. సగం లేచి ఉన్న షట్టరు కింద ముందు పోలీసు బూట్లు కనిపించాయి, వాటి వెనక మెరిసే నల్లటి బూట్లు. ఇన్‌స్పెక్టరు వంగి లోపలికొచ్చాడు. ఇందాక పంపిన రికార్డింగులు విన్న మనిషిలా లేడు. చేతిలో అరెస్టు కాగితం ఉంది.

"అమ్మాయిని తీసుకెళ్లాలి," అన్నాడు. "కంపెనీ నుంచి లిఖితపూర్వకంగా ఫిర్యాదు వచ్చింది. ఆ గుండ్రటి కాగితం సంగతి కోర్టులో చూసుకోండి."

అతని వెనక విజిలెన్స్ ఆఫీసర్ షట్టరు కిందనుంచి దూరి నిటారుగా నిలబడ్డాడు. ముందు గదిలో ఉన్నవాళ్లని చూశాడు. తర్వాత వెనక తలుపులోంచి మూత మీద కదలకుండా కూర్చున్న మనిషిని చూశాడు. తర్వాత ట్యాంకరుని, డ్రమ్ములని. అవి ఇంకా నిండుగా ఉన్నాయి.

టెక్నీషియన్ లేచి నిలబడింది. పారిపోవడానికి కాదు. తల్లికీ ఆ ఇద్దరికీ మధ్య, వెనక గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మని దాటి కాలువ దాకా రావాలంటే ముందు నన్ను దాటాలి," అంది. "తీసుకెళ్లండి. కానీ ముందు ఆ ఫోనులో గొంతు వినండి, అది విన్నాకే వస్తాను."

గడియారం రెండో రికార్డింగుని మళ్లీ మొదటికి తెచ్చింది. ఫోను చప్పుడు చివరిదాకా పెంచింది. కౌంటరు మీదున్న బట్టల మూట పక్కకి జరిపి, ఒక కుర్చీ లాగి, తుడిచి, విజిలెన్స్ ఆఫీసర్ ముందు వేసింది.

"రా తమ్ముడూ, కూర్చో," అంది. "నీ గొంతే వింటున్నాం."